జూబ్లీలో పొట్టేలు ఎక్కడిది?

ప్రశ్న: టీచరుగారూ, నమస్కారం. మావాడు ఆరో తరగతి. మొన్న కరీంనగర్ బస్సు కోసం జేబీఎస్‌లో, అదే జూబ్లీ బస్ స్టేషన్‌లో, నిలబడి ఉంటే బోర్డు చదివి "జూబ్లీ అంటే ఏంటమ్మా?" అన్నాడు. "పండగలాంటిది" అన్నాను. "బస్టాండుకి పండగేంటి?" అన్నాడు. ఇంటికొచ్చి ఫోన్లో వెతికితే ఒకచోట 'విజయోత్సాహం' అని, ఇంకోచోట 'పొట్టేలు' అని ఉంది. క్రికెట్ కామెంటరీలో 'జూబిలేషన్' అంటుంటారే, అదీ ఇదీ ఒకటేనా? మధ్యలో ఈ పొట్టేలు ఎందుకొచ్చింది?
— ఒక తల్లి, బోయిన్‌పల్లి, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, ముందు మీవాడికి నా తరఫున ఒక చాక్లెట్ కొనిపెట్టండి. ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పాను. సిల్వర్ జూబ్లీ అనీ గోల్డెన్ జూబ్లీ అనీ ఎన్ని ఆహ్వాన పత్రాలు అందుకున్నానో లెక్కలేదు. ఒక్క పిల్లాడూ నన్ను ఈ మాట అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

మీ ఫోన్ చెప్పిన రెండూ నిజమే. జూబ్లీలో రెండు మాటలున్నాయి. ఒకటి హీబ్రూ వాళ్ల పొట్టేలు, రెండోది రోమన్ రైతు పొలంలో పెట్టిన కేక. ఈ రెండింటికీ చుట్టరికం లేదు. చెవికి ఒకేలా వినబడ్డాయి కాబట్టి జనం కలిపేశారు.

ముందు పొట్టేలు సంగతి. హీబ్రూలో 'యోబేల్' అంటే పొట్టేలు, దాని కొమ్ము, ఆ కొమ్ముతో చేసిన బూర. యెరికో పట్టణం చుట్టూ యాజకులు తిరుగుతూ బూరలు ఊదితే గోడలు కూలాయన్న కథ మీరు వినే ఉంటారు. ఆ బూరలు ఈ పొట్టేలు కొమ్ములే. బైబిల్లోని లేవీయకాండం 25వ అధ్యాయంలో ఇదే బూర ఇంకో పనికి మోగుతుంది. ఏడేళ్లు ఏడుసార్లు లెక్కపెడితే 49. ఆ తర్వాతి యాభయ్యో ఏడు, ఏడో నెల పదో రోజున దేశమంతా బూర ఊదించాలి. ఆ ఏడు విత్తనం వెయ్యకూడదు. అప్పుల్లో చిక్కి తనను తాను అమ్ముకున్నవాడు ఇంటికి వెళ్లిపోవచ్చు. అమ్ముకున్న పొలం పాత యజమాని కుటుంబానికి తిరిగి వచ్చేస్తుంది. బూర పేరే ఆ ఏటికి పేరయింది.

ఇది నేను పుస్తకంలో చదవకముందే చెవితో విన్నాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. గుంటూరులో 1842లోనే లూథరన్ మిషన్ మొదలైంది కాబట్టి మా చుట్టుపక్కల బైబిలు చదివే ఇళ్లు చాలానే ఉండేవి. మా పక్కింటి అత్తయ్య పొద్దుగూకాక లాంతరు ముందు కూర్చుని, ఒక్కో అక్షరం కింద వేలు జరుపుకుంటూ, పైకి రాగం తీసి చదివేది. గోడకి ఇవతల నులక మంచం మీద మా తాతయ్య చుట్ట కాలుస్తూ వినేవాడు. ఆయనకి దేవుడి ధ్యాస తక్కువ, పొలం ధ్యాస ఎక్కువ. కాలవ కింద ఎకరంన్నర అప్పటికే భోగ్యంలో పోయింది. భోగ్యమంటే తెలుసుగా, అప్పిచ్చినవాడు వడ్డీ కింద పొలం తనే సాగుచేసుకుని పంట తింటాడు, అసలు కట్టేదాకా పొలం మనది కాదు. ఒకరోజు అత్తయ్య 'సునాద సంవత్సరము' అనే చోటికి వచ్చింది. తాతయ్య చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"మళ్లీ చదువమ్మాయ్, ఆ ముక్క."

మళ్లీ చదివింది. "యాభై ఏళ్లకి ఎవరి పొలం వాళ్లకే అంట మావయ్యా."

"అసలు కట్టకుండానే?"

"కట్టకుండానే."

"ఆ కరణం ఎవరో మంచోడు" అని మళ్లీ చుట్ట అందుకున్నాడు. ఆ ఎకరంన్నర చివరికి మా నాన్న డబ్బు కట్టి విడిపించాడనుకోండి, ఏ బూరా మోగలేదు.

ఆ అధ్యాయంలో తాతయ్యకి తెలిసుంటే ఇంకా నచ్చే మెలిక ఒకటుంది. పొలం అమ్మేటప్పుడు ధర ఎలా కట్టాలి? వచ్చే సునాద సంవత్సరానికి ఎన్నేళ్లుందో చూసి కట్టాలి. నలభై ఏళ్లుంటే ఎక్కువ, నాలుగేళ్లుంటే తక్కువ. అంటే అమ్మేది పొలం కాదు, ఇన్ని పంటలు అని. మన లెక్కలో అది అమ్మకమే కాదు, దీర్ఘకాలం కౌలు. ఇంకో షరతు కూడా ఉంది. ప్రాకారం ఉన్న పట్టణంలో ఇల్లు అమ్మితే ఏడాదిలోపు విడిపించుకోవాలి, లేకపోతే అది కొన్నవాడికి శాశ్వతం, సునాద సంవత్సరం వచ్చినా తిరిగిరాదు. ప్రాకారం లేని పల్లెలో ఇల్లు మాత్రం పొలంతో సమానం. కాబట్టి ఆ చట్టం ప్రకారం చూసినా జూబ్లీహిల్స్‌లో బంగళా అమ్ముకున్నవాళ్లకి ఆశ లేదు!

'సునాదం' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలనిపిస్తుంది. ఈ యోబేల్‌ని ఒక్కో భాషవాళ్లు ఒక్కో వైపు నుంచి పట్టుకున్నారు. క్రీస్తుకు పూర్వమే హీబ్రూ గ్రంథాన్ని గ్రీకులోకి మార్చినవాళ్లు 'విడుదల సంవత్సరం' అన్నారు, వాళ్లకి అర్థం ముఖ్యం. లాటిన్ వాళ్లు హీబ్రూ మాటనే తమ నోటికి తగ్గట్టు పలికారు. మన తెలుగు అనువాదకులు బూర చప్పుడు పట్టుకుని 'సునాదం' అన్నారు. మంచి నాదం. పొలం తిరిగొచ్చిందని చెప్పే చప్పుడు మంచిది కాక ఏమవుతుంది? తెలుగు పండితులు ఈ మాటని ఎందుకు పట్టించుకోలేదో నాకు అంతుపట్టదు. జూబ్లీకి తెలుగేదని తలలు బద్దలు కొట్టుకుంటాం, అది మన చర్చిల్లో ఎప్పుడో చదివేశారు.

ఇక రెండో మాట. లాటిన్‌లో 'యూబిలారే' అని ఒక క్రియ ఉంది. సంతోషంతో కేక పెట్టడం, కూత వెయ్యడం. క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దిలో వర్రో అనే రోమన్ పండితుడు దీని గురించి ఒక ముక్క రాశాడు. పట్నంవాళ్లు కేక పెడితే ఒక మాట, పల్లెవాళ్లు కేక పెడితే ఇంకో మాట అని తేడా చూపించి, 'యూబిలారే'ని పల్లెవాళ్ల ఖాతాలో వేశాడు. అంటే పుట్టుకతో ఇది నాగరికుల మాట కాదు, పొలం గట్టు మీద మాట.

ఆ తర్వాత నాలుగొందల ఏళ్లకి, 430లో చనిపోయిన సెయింట్ అగస్టీన్ దీన్ని ఇంకా బాగా చెప్పాడు. ఈయన ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి అల్జీరియాలో, బిషప్పుగా ఉండేవాడు. కోతలప్పుడూ ద్రాక్షతోటల్లోనూ పనివాళ్లు పాట మాటలతోనే మొదలుపెడతారట. పాడగా పాడగా సంతోషం ఎక్కువైతే మాటలు వదిలేసి ఉత్త గొంతు మాత్రమే సాగదీస్తారట. మాటలో పట్టని సంతోషం అలా బయటికొస్తుంది, దాని పేరే 'యూబిలుస్' అన్నాడు. ఇది చదివినప్పుడు నాకు మా ఊళ్లో ఊడ్పులు గుర్తొచ్చాయి. నడుం వంచి వరసగా నాటుతున్న ఆడవాళ్లలో ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. చివర మడి గట్టు దగ్గరపడేసరికి మాటలు పోయి 'ఓ...' మిగులుతుంది. ఆ 'ఓ' బురదలో నిలబడి పాడితే ఒక రకంగా ఉంటుంది, స్టేజీ మీద మైకు ముందు పాడితే ఇంకో రకంగా ఉంటుంది. పడవవాళ్ల 'హైలెస్సా' కూడా అంతే కదా, అర్థం అడిగితే ఎవరు చెబుతారు?

అటు హీబ్రూ బూర, ఇటు లాటిన్ కేక. బైబిలు లాటిన్‌లోకి వచ్చాక ఈ రెండూ పక్కపక్కన పడ్డాయి. 'యోబేల్'లోని 'యో' కాస్తా 'యూబిలారే' ప్రభావంతో 'యూ' అయింది. యాభయ్యో ఏడు సంతోషించే ఏడే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇంగ్లీషుకి చేరేసరికి జూబ్లీ, జూబిలేషన్ ఒక తల్లి పిల్లల్లా కనిపిస్తున్నాయి. జూబిలేషన్ మాత్రం నేరుగా ఆ రైతు కేక నుంచి వచ్చింది, పొట్టేలుతో దానికి సంబంధం లేదు. వికెట్ పడగానే ఫీల్డర్లు గుమిగూడి అరిచే అరుపుకి అచ్చంగా సరిపోయే మాట అది.

ఇలా మాటలు కలిసిపోవడం మనకేం కొత్త కాదు. హైదరాబాద్‌లో మూసారాంబాగ్ ఉంది కదా. నిజాం కొలువులో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమాండ్ పేరు మీద వచ్చిందది. 'మొస్యూ రేమాండ్' హిందువుల నోట మూసా రామ్, ముస్లింల నోట మూసా రహీమ్ అయ్యాడు. ఎవరి చెవికి అలవాటైన మాట వాళ్లకి వినిపించింది.

ఇంతకీ యాభై ఏళ్ల లెక్క పాతిక, అరవై ఎలా అయిందంటారా? రోమ్‌లో 1300లో పోప్ ఎనిమిదో బోనిఫేస్ మొదటి క్రైస్తవ జూబ్లీ ప్రకటించినప్పుడు అది వందేళ్లకోసారి అనుకున్నారు. తర్వాత యాభై అన్నారు, ఆ తర్వాత 25కి దించారు. అందుకే 2025లో కేథలిక్ చర్చిలన్నిట్లో జూబిలీ సంవత్సరం జరిగింది. రాజులు దీన్ని పట్టుకున్నాక పొలం, అప్పు, విడుదల అన్నీ పోయి గద్దె ఎక్కిన లెక్క ఒక్కటే మిగిలింది. విక్టోరియా రాణికి 1887లో గోల్డెన్ జూబ్లీ చేశారు. విజయవాడ బందరు రోడ్డులో ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్నామే, అది అప్పుడు కట్టిన విక్టోరియా జూబ్లీ మ్యూజియమే. తమాషా ఏమిటంటే 1921లో పింగళి వెంకయ్య గాంధీగారి చేతిలో జెండా నమూనా పెట్టింది అక్కడ జరిగిన కాంగ్రెస్ సమావేశాల్లోనే. విడుదల అనే అర్థం రాణిగారి భవనంలోకి దొడ్డిదారిన వచ్చినట్టయింది.

మన నిజాం, మీర్ ఉస్మాన్ అలీఖాన్, 1911లో గద్దె ఎక్కాడు. రజతోత్సవం కాస్త ఆలస్యంగా, 1937లో జరిగింది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో జూబ్లీ హాలు చూసే ఉంటారు, ఆ వేడుక అక్కడే. ఆ రోజు ఆయన కూర్చున్న సింహాసనం, వచ్చిన కానుకలు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఉన్నాయి. ఒక ఆదివారం మీవాణ్ణి తీసుకెళ్లండి. ఊళ్లోని భవనాలకి వెండితో చేసిన చిన్న చిన్న నమూనాలు ఉంటాయి, పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి చూస్తారు.

బస్టాండుకి పండగేంటని మళ్లీ అడిగితే, పండగ రోజుల్లో ఊరెళ్లే జనాన్ని చూపించండి. అది వ్యుత్పత్తి కాదు, కానీ అబద్ధమూ కాదు.

ప్రశ్న: మేడమ్, నేను కర్నూలు సిల్వర్ జూబ్లీ కాలేజీలో చదివాను. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన పాతికేళ్లకి, 1972లో, పెట్టారు కాబట్టి ఆ పేరని మాకు తెలుసు. నా అనుమానం వేరే. సినిమాకి 25 వారాలాడితే సిల్వర్ జూబ్లీ ఎలా అయింది? వజ్రోత్సవం 60 ఏళ్లకా, 75 ఏళ్లకా? మా సంఘంలో దీని మీద గొడవ జరిగి ఫ్లెక్సీ ఆగిపోయింది.
— ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: సినిమావాళ్లు అంకె ఉంచుకుని ఏళ్లు తీసేశారు. 25 వారాలు, అంటే 175 రోజులు. యాభై వారాలైతే గోల్డెన్ జూబ్లీ. సినిమా ఆయుష్షుకి వారమే ఏడాది లెండి. ఇప్పుడు రెండో శుక్రవారం దాటితే 'బ్లాక్‌బస్టర్' అని పోస్టరేస్తున్నారు, ఆ లెక్కన మూడు వారాలకి జూబ్లీ చేసినా తప్పుపట్టలేం. వంద రోజులకి మాత్రం మనం ఇంగ్లీషు జోలికి పోలేదు, శతదినోత్సవం అనే అన్నాం.

వజ్రోత్సవం గొడవకి కారణం మళ్లీ విక్టోరియానే. 1897లో ఆమె పాలనకి అరవై ఏళ్లు నిండితే డైమండ్ జూబ్లీ అన్నారు, అది పాతుకుపోయింది. మనకి షష్టిపూర్తి ముందే ఉంది, ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై ఏళ్ల చక్రం ఉంది, కాబట్టి అరవై మనకీ ఇంపుగానే తోచింది. కానీ వ్యవహారంలో 75 కూడా గట్టిగా నిలబడింది. తెలుగు సినిమాకి 2007లో చేసిన వజ్రోత్సవం 75 ఏళ్ల లెక్కే. 2022లో తెలంగాణ ప్రభుత్వం చేసిన స్వతంత్ర భారత వజ్రోత్సవాలూ అంతే. అదే ఏడు కేంద్రం అమృత్ మహోత్సవ్ అంది. ఇంగ్లండులో ఎలిజబెత్ రాణికి 70కే ప్లాటినం చేసేశారు. ఎవరి నగల పెట్టె వాళ్లది.

మీ సంఘానికి నా సలహా: ఫ్లెక్సీ మీద '75 ఏళ్ల పండుగ' అని పెద్దక్షరాలతో రాయించండి. వజ్రం కావాలనేవాళ్ల కోసం కింద చిన్నగా వెయ్యండి. వేయించే ముందు అక్షరాలు మాత్రం చూసుకోండి. మా బడికి పాతికేళ్లు నిండినప్పుడు నేను చీటీ మీద 'రజతోత్సవం' అని గుండ్రంగా రాసిచ్చాను. పెయింటరు గుడ్డ మీద 'రజితోత్సవం' అని దించాడు. ఎనిమిదో తరగతిలో ఆ పేరున్న పిల్ల ఉంది. కలెక్టరుగారు వచ్చే వేళకి పిల్లలంతా దాని చుట్టూ చేరి "నీ ఉత్సవమేనటే" అని ఆటపట్టిస్తుంటే అది ఏడుపు మొహం పెట్టింది. నేను స్టూలెక్కి, సుద్దముక్క అరగదీసి 'జి'కున్న గుడి గుర్తు మీద తెల్లగా రుద్దాను. రజతం అంటే వెండి. ఆ పిల్లకి ఆ రోజు ఆ సంగతి అర్థమైనంత బాగా ఎవరికీ అర్థమై ఉండదు.

ప్రశ్న: గెలిచినప్పటి సంతోషానికి అచ్చ తెలుగు మాట ఒక్కటి చెప్పండి. విజయోత్సాహం, జయానందం అన్నీ సంస్కృతమే.
— డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: కేరింత. 'కేరు' అనే పాత క్రియ నుంచి వచ్చింది. ఉత్సాహంతో అరవడం, నవ్వడం. అయితే అదే కుదురులో 'కేరడం' అనే మాట కూడా ఉంది, దానికి ఎగతాళి అని అర్థం. గెలిచినవాడి సంతోషానికీ ఓడినవాణ్ణి ఆటపట్టించడానికీ దూరం ఎంతో కబడ్డీ ఆడినవాళ్లని అడగండి. ఇప్పుడు మనం చంటిపిల్లల కేరింతలే ఎక్కువగా అంటున్నాం కాబట్టి ఎగతాళి పోయి సంతోషం మిగిలింది.

పలుకుబడిలో అయితే ఇంకా ఉన్నాయి. పరీక్ష పాసైనవాడు ఎగిరి గంతేస్తాడు. పక్కవాడి ఓటమి చూసి సంబరపడేవాడు చంకలు గుద్దుకుంటాడు. ఈ రెండూ కలిపి వాడకండి, అర్థాలు వేరు.

సంస్కృతం అని జయాన్ని పూర్తిగా తోసెయ్యకండి. అది మన నోట్లో నలిగి మనదైపోయింది. జయఘంట జేగంట అయింది. గుళ్లో అది మోగుతుంటే మీకు సంస్కృతం వినిపిస్తుందా?

ప్రశ్న: జూబ్లీ అని రాయాలా, జూబిలీ అనా?
— ప్రూఫ్‌రీడర్, విజయవాడ

జవాబు: చర్చివాళ్లు జూబిలీ అంటారు, హైదరాబాద్ వాళ్లు జూబ్లీ అంటారు. ఒక పుస్తకంలో ఒకటే ఉంచండి చాలు. మా ఇంటి ముందు నుంచి వెళ్లే సిటీ బస్సు కండక్టరు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ "జూబ్లీ జూబ్లీ జూబ్లీ" అని మూడుసార్లు కేక వేస్తాడు. ఆ కేకలో 'బి'కి చోటు లేదు.